ముందు చక్రం, వెనక గిట్ట

గుర్రపు బండ్ల పందెంలో తోలేవాడి ఏమరుపాటుకి శిక్ష ఎవరికి పడాలి, ఎంత పడాలి?

2017 ఆగస్టు 5. న్యూజెర్సీలోని మెడోలాండ్స్ ట్రాక్ మీద హ్యాంబుల్టోనియన్ జరుగుతోంది. అమెరికాలో గుర్రపు బండ్ల పందేలు చూసేవాళ్లకి దీన్ని మించిన రేసు లేదు. మూడేళ్ల గుర్రాలకే ప్రవేశం కాబట్టి ఏ గుర్రానికైనా జన్మకొక్కసారే అవకాశం. బహుమతి సొమ్ము 10 లక్షల డాలర్లు. ఆఖరి మలుపు తిరిగి గుంపంతా గీత వైపు వస్తోంది. ‘వాట్ ద హిల్’ అనే గుర్రం కాస్త బయటివైపు జరిగింది. ఆ వరసలోనే వస్తున్న ‘గార్డియన్ ఏంజెల్’ అడుగు తప్పింది. ఆ క్షణంలో ఎన్ని కళ్లు ఆ వెనక గుర్రం మీద ఉండి ఉంటాయో చెప్పలేం. జనం చూసేది ముందున్నదాన్నే కదా. వాట్ ద హిల్ అందరికన్నా ముందు గీత దాటేసింది.

తర్వాత బోర్డు మీద ‘ఎంక్వైరీ’ అని వెలిగింది. జడ్జీలు వీడియో వేసుకుని చూశారు. మొదట వచ్చిన గుర్రాన్ని వెనక్కి దించేసి, రెండో స్థానంలో ఉన్న ‘పర్ఫెక్ట్ స్పిరిట్’ని విజేతగా ప్రకటించారు. స్వీడన్ నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన ఓకె స్వాన్‌స్టెడ్ దానికి ట్రైనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. మొత్తం సొమ్ములో సగం, అంటే 5 లక్షల డాలర్లు, ఒక శిబిరం చేతిలోంచి ఇంకో శిబిరం చేతిలోకి వెళ్లిపోయాయి. వాట్ ద హిల్ తన బలం కొద్దీ పరుగెత్తింది. దాని యజమాని ఎక్కడో గ్యాలరీలో కూర్చుని ఉన్నాడు. దాని మీద పందెం టికెట్ కొన్నవాడు చేతిలో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పగ్గాలు మాత్రం వీళ్లలో ఎవరి చేతిలోనూ లేవు.

మన రోడ్ల మీద దీనికి చక్కటి మాట ఉంది: కట్ కొట్టడం. ఆటో కట్ కొట్టింది, బస్సు కట్ కొట్టింది అంటాం. కొట్టినవాడు వెళ్లిపోతాడు, బ్రేకు వేసినవాడు తిట్టుకుంటూ నిలబడిపోతాడు. ఈ కట్ కొట్టడాన్ని పట్టుకుని, కొలిచి, దానికో ధర కట్టడం కోసం నూరేళ్లకు పైగా తంటాలు పడుతున్న ఆట ఇది. ఆ తంటాల కథ ఆటకన్నా ఆసక్తిగా ఉంటుందని నా నమ్మకం.

దౌడు తీస్తే తప్పే

మనకి గుర్రప్పందెం అంటే హైదరాబాద్ మలక్‌పేట. గుర్రం మీద జాకీ, చెవులు వెనక్కి వాల్చి దౌడు. ఇక్కడ జాకీ లేడు, దౌడూ లేదు. గుర్రం వెనక సల్కీ అనే రెండు చక్రాల బండి ఉంటుంది. బండి అనడం కూడా ఎక్కువే, రెండు నొగలు, రెండు చక్రాలు, మధ్యలో పీట. మనిషి ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టేయగలడు. దాని మీద డ్రైవర్ కాళ్లు ముందుకి చాపి, రికాబుల్లో ఆనించి, వెనక్కి వాలి కూర్చుంటాడు. తన గుర్రం తోక ఒళ్లో ఆడుతుంటుంది, వెనక గుర్రం ఊపిరి మెడకి తగులుతుంటుంది. ముందున్న బండి చాటున గాలి దెబ్బ తప్పించుకోవడం ఈ ఆటలో సగం విద్య. అందుకే ముందు చక్రానికీ వెనక గుర్రం గిట్టకీ మధ్య ఖాళీ ఎంత తక్కువైతే అంత మేలని అందరూ అతుక్కునే నడుపుతారు.

ఈ పందేల్లో పరుగెత్తే జాతి గుర్రాన్ని స్టాండర్డ్‌బ్రెడ్ అంటారు. 1879లో అమెరికాలో ఒక కొలత పెట్టారు: మైలు దూరాన్ని రెండు నిమిషాల ముప్ఫై సెకన్లలో అందుకున్న ట్రాట్ నడక గుర్రమే ‘స్టాండర్డ్’. జాతికి పేరు అలా వచ్చింది. 2022 జులైలో ఇదే మెడోలాండ్స్‌లో ‘బుల్‌డాగ్ హనోవర్’ అనే గుర్రం ఆ మైలుని 1 నిమిషం 45.8 సెకన్లలో చుట్టేసింది. గంటకి 54 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ రింగ్ రోడ్డు మీద అదేమంత వేగం అనిపించొచ్చు. పక్కనే, వెనకే, ముందే అదే వేగంతో తొమ్మిది బండ్లున్నప్పుడు, మీ కింద పీట తప్ప ఏమీ లేనప్పుడు అది వేరే సంగతి.

గుర్రం నడకే ఇక్కడి మెలిక. ట్రాట్ అంటే ముందు కుడికాలు, వెనక ఎడమకాలు కలిసి పడాలి. పేస్ అంటే ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి పడాలి. ఏ నడకలో మొదలుపెడితే ఆ నడకలోనే ముగించాలి. దౌడు అందుకుందా, ‘బ్రేక్’ అయినట్టు. అప్పుడు డ్రైవర్ ఖాళీ చూసుకుని గుర్రాన్ని బయటివైపుకి తీసుకెళ్లి, పగ్గం బిగించి, మళ్లీ నడకలో పెట్టాలి. ఆ సందట్లో వెనకబడాల్సిందే. దౌడు వల్ల ఒక్క అడుగు కూడా లాభపడకూడదు.

ఇక్కడే కట్ కొట్టడం విలువ తెలుస్తుంది. జాకీల రేసులో పక్క గుర్రాన్ని దెబ్బతీయాలంటే గుద్దాలి, తోయాలి. బండ్ల పందెంలో అంత అవసరం లేదు. దాని అడుగు తడబడితే చాలు, రేసు పోయినట్టే. మధ్యలో జానెడు చోటు నొక్కేస్తే చాలు.

ఆకుల్లో చెర్నాకోల

మా చిన్నప్పుడు తెనాలి స్టేషన్ బయట, మెయిలు వచ్చే వేళకి జట్కాలు వరసగా నిలబడేవి. బండి దిగి మనుషులు బయటికి రాగానే ముందు కదిలినవాడిదే బేరం. సందు మొదట్లో రెండు జట్కాలు ఒకేసారి దూరితే చక్రాల కుండలు ఒకదానికొకటి రాసుకుని కీచుమనేవి. జట్కా తోలే సాయిబు చెర్నాకోల కర్రని చక్రం ఆకుల మధ్య ఆనించేవాడు. టకటకటక మని ఒకటే మోత. అదే హారను. ఆ మోత వింటే జనం తప్పుకునేవారు, గుర్రం కూడా ఉత్సాహంగా అడుగేసేది. మేం పిల్లలం ముందు కూర్చోడానికి కొట్టుకునేవాళ్లం, ఆ కర్ర ఒక్కసారి పట్టుకోనిస్తాడేమోనని.

సల్కీ డ్రైవర్లు కూడా గుర్రాన్ని కొట్టకుండా నొగ మీద కొరడా కొట్టి చప్పుడు చేస్తారు. సాయిబు చేసిందే. కానీ సల్కీ చక్రంలో ఆకులు బయటికి కనపడవు. రెండు వైపులా పళ్లెంలాంటి మూత బిగించి ఉంటుంది. అది అందానికి పెట్టింది కాదు. వెనక గుర్రం ముంగాలు ముందు చక్రం ఆకుల్లో ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. 450 కిలోల జంతువు ఒక్కసారిగా ఆగిపోతుంది, దాని వెనకున్నవాడు గాల్లోకి లేస్తాడు, ఆ వెనకొచ్చే బండ్లకి తప్పుకునే వ్యవధి ఉండదు. అందుకే అమెరికా నియమాల్లో మూత లేని చక్రంతో రేసులోకి రానివ్వరు. ట్రాక్ లోపలి అంచున పాత రోజుల్లో ఉండే గట్టి కంచె స్థానంలో ఇప్పుడు చాలాచోట్ల వంగిపోయే చిన్న కర్రలు, పైలాన్‌లు, పాతుతున్నారు. ఇరుకున పడ్డవాడికి లోపలికి తప్పుకునే దారి ఒకటుంటుందని. ఆ దారిని అడ్డదారిగా వాడుకుంటే మళ్లీ అదొక నేరం.

ఇన్ని చేసినా ప్రమాదం ప్రమాదమే. బిల్లీ హాటన్ నాలుగు హ్యాంబుల్టోనియన్లు గెలిచిన డ్రైవరు, తరానికొకడు అనదగ్గ ట్రైనరు. 1986 జులైలో న్యూయార్క్‌లోని యాంకర్స్ ట్రాక్ మీద ఒక మామూలు రేసులో బండి మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. పదిరోజులకి పోయాడు. అప్పటికి 62 ఏళ్లు. అది ఎవరి తప్పని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. ముప్ఫై, నలభై ఏళ్లు పగ్గాలు పట్టిన చేతికి కూడా భూమికీ బండికీ మధ్య ఉన్నది ఎంతో గుర్తుచేయడానికే ఎత్తాను.

నియమాల పుస్తకంలో వీధి భాష

చట్టాల పుస్తకాలు చదవడం సాధారణంగా నిద్రకి మంచి మందు. యునైటెడ్ స్టేట్స్ ట్రాటింగ్ అసోసియేషన్ నియమావళిలో డ్రైవింగ్ తప్పుల అధ్యాయం అలా కాదు. ట్రాక్ పక్కన నిలబడి తిట్టుకునే మాటల్నే పట్టుకొచ్చి పుస్తకంలో పెట్టారు. వెనక గుర్రం అడుగు కుదించుకోవాల్సి వచ్చేలా కుడికో ఎడమకో జరగకూడదు. చక్రానికి చక్రం తగిలించకూడదు. పక్కవాడి ‘కింద చక్రం పెట్టకూడదు’, అంటే మన చక్రాన్ని అతని గుర్రం కాళ్లకి చేరువగా తోసి బెదరగొట్టకూడదు. పక్క గుర్రాన్ని బయటికి ‘మోసుకుపోకూడదు’. ముందుకెళ్లి ఒక్కసారిగా పగ్గం బిగించి వెనకవాడి ‘ఎదుట కూర్చోకూడదు’. అక్కర్లేకుండా లోపలివైపు దారి వదిలి ఇంకొకడిని పోనివ్వకూడదు. ఈ చివరిదానికి పుస్తకంలోనే ‘సాయం చేయడం’ లాంటి మాటలున్నాయి. ఎవరికి సాయం, ఎందుకు సాయం అన్నది చదివేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇదే జాబితాలో, అన్నిటినీ కలిపి మూటగట్టినట్టు ఇంకొకటి: అజాగ్రత్తగా గానీ, దుడుకుగా గానీ తోలకూడదు.

ఆస్ట్రేలియా వాళ్లు ఇంకాస్త విడదీశారు. వాళ్ల 168వ నియమం అజాగ్రత్త, దుడుకుతనం, చేతకానితనం, మోసపు తోలకం అంటూ మెట్లుమెట్లుగా పేర్చుకుంటూ పోతుంది. న్యూజిలాండ్ నియమాల్లోనూ అజాగ్రత్తకి, దుడుకుతనానికి వేర్వేరు గదులున్నాయి. ఈ విడదీయడం నాకు నచ్చింది. మన రోడ్ల సంగతి చూడండి. పాత ఐపీసీ 279, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 281, దుడుకుగా నడిపినా నిర్లక్ష్యంగా నడిపినా ఒకే గాటన కట్టి ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో అంటాయి. తెలిసి ప్రాణాలకి తెగించినవాడూ, ఒక్క క్షణం అద్దంలో చూడని వాడూ ఒకే సెక్షన్ కింద ఒకే బెంచీ మీద. గుర్రపు బండ్ల వాళ్లు కనీసం బెంచీలు వేరు చేశారు.

149 తోస్తుంది, 168 లాగుతుంది

ఆ 168కి కాస్త పైన 149వ నియమం ఉంది. గుర్రానికి గెలిచే అవకాశం, గెలవలేకపోతే అందిన మేరకు మంచి స్థానం దక్కే అవకాశం పూర్తిగా ఇవ్వాలి, అందుకు సబబైన, అనుమతి ఉన్న ప్రతి ప్రయత్నమూ డ్రైవర్ చేయాలి అంటుంది. మన భాషలో ఒక్క మాటలో చెప్పాలంటే శల్యసారథ్యం పనికిరాదని. కర్ణుడి రథం తోలుతూ కర్ణుడినే నీరుగార్చిన శల్యుడు ఇవాళ మెల్‌బోర్న్‌లో బండి తోలి ఉంటే ఈ నియమం కింద నెలల తరబడి ఇంట్లో కూర్చునేవాడు.

ఇప్పుడు డ్రైవర్ ఇరకాటం చూడండి. అతను ‘డెత్ సీట్’లో ఉన్నాడు. ఆస్ట్రేలియా వాళ్లు పెట్టిన పేరే అది. ముందున్న గుర్రానికి పక్కన, బయటివైపు, చాటు లేకుండా, గాలంతా తానే మింగుతూ పరుగెత్తే చోటు. గుర్రం అలిసిపోతోంది. ముందుకి ఒక గుర్రం మెడంత జరిగితే లోపలి వరసలోకి దిగిపోవచ్చు. దిగితే రేసు బతుకుతుంది. దిగకపోతే చస్తుంది. వెనకవాడు ఎక్కడున్నాడు? తల తిప్పి చూడ్డానికి అరక్షణం. ఖాళీ ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. దిగకపోతే 149 అడుగుతుంది: ఎందుకు ప్రయత్నించలేదు? దిగితే 168 అడుగుతుంది: సరిపడా ఖాళీ లేకుండా ఎందుకు దిగావు? టికెట్ కొన్నవాడు రెండు ప్రశ్నలూ అడుగుతాడు, ఏది అడుగుతాడన్నది ఏ గుర్రం మీద కాశాడన్నదాన్ని బట్టి.

అందుకే అజాగ్రత్తకి శిక్ష మరీ కఠినంగా ఉండాలనేవాళ్లతో నాకు పేచీ ఉంది. భయపడి తోలేవాడి వల్ల కూడా ట్రాక్ మీద ప్రమాదమే. సందేహించి సగం దిగి, సగం వెనక్కి లాగేవాడు వెనకున్నవాళ్లందరికీ కొత్త చిక్కు తెస్తాడు. శిక్ష లేకపోయినా కుదరదనుకోండి. ఎంత, ఏ రూపంలో అన్నదే అసలు తగువు.

గదిలో రెండో రేసు

విచారణ గది ట్రాక్ అంత ఆకర్షణీయంగా ఉండదు. బల్ల, తెర, రెండు మూడు కుర్చీలు. ఆస్ట్రేలియాలో మామూలుగా ఆ రాత్రే పిలుస్తారు. డ్రైవర్ మట్టి అంటిన దుస్తుల్లోనే వచ్చి కూర్చుంటాడు, కళ్లద్దాలు హెల్మెట్ మీదికి తోసి ఉంటాయి. కళ్లద్దాలున్న మేర తప్ప ముఖమంతా దుమ్ము. పక్కన, తన చేతిలో కట్ తిన్న ఇంకో డ్రైవర్. తెర మీద ఎదురుగా తీసిన వీడియో నడుస్తుంది. పక్కనుంచి తీసిన వీడియోలో గుర్రాలన్నీ కలిసిపోయి కనిపిస్తాయి, ఎవరు ఎవరి వరసలోకి జరిగారో తెలియదు. ఎదురుగా తీసినదాంట్లో వరసలు దువ్వెన పళ్లలా విడివిడిగా కనబడతాయి. స్టీవర్డ్, అంటే విచారణ జరిపే అధికారి, ఒక చోట ఆపుతాడు. వెనక్కి తిప్పుతాడు. మళ్లీ ఆపుతాడు.

ఏ దేశంలోనైనా డ్రైవర్ల వాదనలు మూడు రకాలే. గుర్రం లోపలికి లాగింది, నేను జరపలేదు. బయటివాడు నా మీదికి వచ్చాడు, నాకు చోటు లేదు. నేను చూసేసరికి అతను వెనకే ఉన్నాడు, తర్వాత వేగం పెంచాడు. మూడూ నిజం కావొచ్చు. అందుకే స్టీవర్డ్ చూసేది చక్రాన్ని కాదు, చేతుల్ని. గుర్రం నిజంగానే ఒక పక్కకి లాగుతుంటే డ్రైవర్ రెండో పక్క పగ్గం బిగించాడా? కొరడా ఆపాడా? లాగుతున్న గుర్రాన్ని సరిచేయకుండా ఇంకా తరుముతూనే ఉంటే, లాగింది గుర్రమే అయినా తప్పు మనిషిదే. నాకు ఈ ఆట మొత్తంలో నచ్చిన తర్కం ఇదే. జంతువు జంతువులాగే ఉంటుందని ముందే ఒప్పుకుని, దాని వెనక కూర్చున్న మనిషి ఆ క్షణంలో ఏం చేశాడని అడగడం.

నచ్చనిది కూడా చెప్పాలి. శిక్ష ఎంతన్నది తేల్చేటప్పుడు చాలాచోట్ల జరిగిన నష్టం ఎంతన్నదీ తూకంలో వేస్తారు. ఒకడు ఖాళీ లేకుండా దిగాడు. వెనకున్నది తెలివైన ముసలి గుర్రం, అడుగు కుదించుకుని సర్దుకుంది. చిన్న శిక్షతో పోతుంది. మర్నాడు ఇంకొకడు అంతే ఖాళీలో, అంతే తొందరలో దిగాడు. వెనకున్నది బెదురు గుర్రం, తూలి పడింది, దాని మీద ఇంకో రెండు పడ్డాయి. పెద్ద శిక్ష. ఇద్దరి చేతులూ చేసింది ఒకటే. తేడా అంతా వెనక గుర్రం జాతకంలో ఉంది. పడ్డవాళ్ల ఎముకలు విరిగినప్పుడు ఈ మాట అనడం కష్టమే, అయినా శిక్ష పడాల్సింది అతను చూసిన ఖాళీకి, చూడాల్సి ఉండీ చూడని ఖాళీకి. తర్వాత జరిగినదాంట్లో అదృష్టం వాటా ఎక్కువ.

తీర్పు ఎవరు చెప్పాలన్నది ఇంకో మెలిక. ఆస్ట్రేలియాలో అభియోగం మోపేదీ, విని తేల్చేదీ ఆ స్టీవర్డులే. నచ్చకపోతే పైకి వెళ్లాలి. విక్టోరియా రాష్ట్రంలో అందుకోసం 2019 నుంచి విక్టోరియన్ రేసింగ్ ట్రిబ్యునల్ ఉంది. న్యూజిలాండ్‌లో అలా కాదు. స్టీవర్డ్ అభియోగం మోపుతాడు, తీర్పు చెప్పే కమిటీ వేరుగా ఉంటుంది. చిన్న దేశం, అందరూ అందరికీ తెలిసినవాళ్లే, అయినా ఆ గీత గీసుకున్నారు. అభియోగం మోపిన నోటితోనే తీర్పు వినడం ఎవరికైనా మింగుడుపడదు.

జరిమానా అనే టోల్‌గేటు

అమెరికాలో డ్రైవర్‌కి తన గుర్రం సంపాదించినదాంట్లో 5 శాతం వస్తుంది. మొదటి గుర్రానికి మొత్తంలో సగం. 10 వేల డాలర్ల మామూలు రేసు గెలిస్తే గుర్రానికి 5 వేలు, డ్రైవర్‌కి 250. అతనికి 300 డాలర్ల జరిమానా వేశారనుకుందాం. ఆ రాత్రి గెలిచినా నష్టమే. అదే జరిమానా 10 లక్షల రేసులో వేశారనుకోండి. గెలుపు వాటా 25 వేల డాలర్లు. 300 అక్కడ టోల్‌గేటు రుసుము. కట్టేసి ముందుకి పోవడమే. జరిమానా పెద్ద రేసులో పనిచేయదు, చిన్న రేసులో చిన్నవాడి నడ్డి విరుస్తుంది. నేను దీనికి వ్యతిరేకిని.

గుర్రాన్ని వెనక్కి దించడం ఇంకో శిక్ష. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ గుర్రం వెనక్కి, తప్పు చేసిన గుర్రాన్ని పంపుతారు. అన్యాయాన్ని సరిదిద్దడానికి ఇంతకన్నా మంచి దారి లేదు, నిజమే. కానీ సరిదిద్దడం వేరు, శిక్షించడం వేరు. దించడం వల్ల మునిగేది యజమాని, ట్రైనర్, టికెట్ కొన్నవాడు. డ్రైవర్ వాటా పోయేది వందలో అయిదు. అలాగని ఫలితాన్ని సరిదిద్దకపోతే ఏమవుతుందో న్యూయార్క్ వాళ్లకి తెలుసు. 1963 నవంబరులో రూజ్‌వెల్ట్ రేస్‌వేలో ఒక రేసులో ఎనిమిది బండ్లలో ఆరు ఒకదాన్నొకటి తగులుకుని చిక్కుపడిపోయాయి. రేసు రద్దు చేయమని జనం అరిచారు. ఫలితం ఖాయమని ప్రకటించేసరికి వందలమంది కంచె దాటి ట్రాక్ మీదికి దూకారు. అల్లర్లు, అరెస్టులు, ఆసుపత్రులు. ట్రాక్ మీద డబ్బు కాసినవాడు ఓడిపోవడానికి సిద్ధపడే వస్తాడు. మోసపోవడానికి కాదు.

ఈ రూజ్‌వెల్ట్‌లోనే, 1946లో, కారుకి రెండు రెక్కల్లాంటి గేటు బిగించి దాని వెనక గుర్రాలన్నిటినీ వరసగా పరుగెత్తించి రేసు మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. అంతకుముందు మొదలుపెట్టడమే ఒక యుద్ధం. ఎవడో ముందు దూకడం, వెనక్కి పిలవడం, మళ్లీ మొదలు. గేటు కారు ఆ రభసని చాలామటుకు మాన్పించింది. ఒక యంత్రం మాన్పించినన్ని తప్పులు ఏ జరిమానాలూ మాన్పించలేదేమో అనిపిస్తుంది నాకు.

మిగిలింది సస్పెన్షన్. కొన్నాళ్లు పగ్గాలు పట్టొద్దని చెప్పడం. దెబ్బ తగిలేది ఇక్కడ. ఈ ఆటలో పేరున్నవాళ్లు చాలావరకు ‘క్యాచ్ డ్రైవర్’లు. సొంత గుర్రం ఉండదు, రాత్రికి ఎనిమిదో పదో మందికి బండి తోలిపెడతారు. 2007లో టిమ్ టెట్రిక్ అనే డ్రైవర్ ఒక్క ఏడాదిలో 1,189 రేసులు గెలిచాడు. గెలిచినవే అన్ని, తోలినవి ఎన్ని వేలో ఊహించుకోండి. అలాంటివాడు వారం ఇంట్లో కూర్చుంటే పోయేది ఆ వారం సంపాదన ఒక్కటే కాదు. అతను తోలే మంచి గుర్రం పగ్గాలు ఇంకొకడి చేతికి వెళ్తాయి. ఆ ఇంకొకడు గెలిచాడా, యజమాని మళ్లీ పాతవాడికి ఫోన్ చేస్తాడన్న నమ్మకం లేదు. జరిమానా జేబుకి తగులుతుంది. సస్పెన్షన్ దెబ్బ అతనికి దొరికే గుర్రాల వరసకి తగులుతుంది.

న్యూజిలాండ్ వాళ్లు ఇందులోనూ కాస్త బుర్ర వాడారు. సస్పెన్షన్‌ని రోజుల్లో కాకుండా ముందు ‘డ్రైవ్’లలో లెక్క వేస్తారు. ఇన్ని డ్రైవ్‌లు పోవాలని తేల్చుకుని, ఈ మనిషి మామూలుగా ఒక్కో రోజు ఎన్ని రేసులు తోలుతాడో చూసి, దాన్ని రోజుల్లోకి మారుస్తారు. రోజుకి ఏడెనిమిది తోలేవాడికి తక్కువ రోజులు, వారానికి ఒకటి రెండు తోలే పల్లెటూరి డ్రైవర్‌కి ఎక్కువ రోజులు. పైకి తలకిందులుగా కనిపిస్తుంది, నిజానికి ఇద్దరికీ పోయేవి అవే డ్రైవ్‌లు. ఏడాదిలో ఎన్ని వందల రేసులు తోలి ఎన్నిసార్లు పట్టుబడ్డాడన్నదీ చూస్తారు. రోజంతా రోడ్డు మీద ఉండే లారీ డ్రైవర్‌కి ఒక చలానూ, నెలకోసారి కారు తీసేవాడికి ఒక చలానూ సమానం కాదు కదా.

ఎన్ని లెక్కలు వేసినా పెద్ద రేసు ముందర ఒక సందు తెరిచే ఉంటుంది. శిక్ష పడ్డ మర్నాడు అప్పీలుకి వెళ్లి, తేలేదాకా ఆపించుకుని, ఆ పెద్ద రేసులో తోలేసి, తర్వాత తీరిగ్గా శిక్ష అనుభవించడం అమెరికాలో, ఆస్ట్రేలియాలో కొత్తేమీ కాదు. అప్పీలు హక్కు తీసేయమని నేను అనను. అప్పీలు మూడు రోజుల్లో వినమంటాను. ఆలస్యంగా పడిన శిక్ష సెలవులాగే ఉంటుంది.

   

మొదటి ఫిర్యాదు

నాకు తెలిసినంతలో అజాగ్రత్త తోలకం మీద అతి పాత ఫిర్యాదు హోమర్ ‘ఇలియడ్’ 23వ భాగంలో ఉంది. యుద్ధంలో చనిపోయిన వీరుడు పాట్రోక్లస్ అంత్యక్రియల సందర్భంగా రథాల పందెం. వాన నీళ్లకి కోసుకుపోయి దారి ఇరుకైన చోట కుర్రవాడు ఆంటిలోకస్ తన రథాన్ని రాజు మెనెలాస్ రథం పక్కకి తోలేశాడు. ఇద్దరూ తగులుకుంటారని మెనెలాస్ కేకేశాడు. కుర్రవాడు విననట్టే తరిమాడు. పెద్దాయన పగ్గం సడలించి వెనక్కి తగ్గాడు. కుర్రవాడికి రెండో స్థానం, బహుమతిగా ఆడగుర్రం.

పందెం అయ్యాక మెనెలాస్ అందరి ముందూ నిలదీశాడు. అతను కోరింది జరిమానా కాదు. నీ గుర్రాల ముందు నిలబడు, ఆ కొరడా చేత పట్టు, గుర్రాల మీద చెయ్యి పెట్టి, కావాలని నా రథానికి అడ్డు రాలేదని దేవుడు పొసైడన్ మీద ఒట్టెయ్యి అన్నాడు. కుర్రవాడు ఒట్టు వేయలేకపోయాడు. చిన్నతనం, తొందర అన్నాడు. గుర్రాన్ని ఇచ్చేశాడు. మెనెలాస్ మెత్తబడి, ఇంకోసారి ఇలా చేయకని చెప్పి, ఆ గుర్రాన్ని తిరిగి అతనికే ఇచ్చేశాడు.

వీడియో లేదు, స్టీవర్డ్ లేడు. అయినా అజాగ్రత్తా, దుర్బుద్ధా అని తేల్చాల్సిన ప్రశ్న అప్పుడే అక్కడ ఉంది. ఇవాళ్టి గదిలో స్టీవర్డ్ అడిగేదీ అంతకంటే వేరేది కాదు, ఒట్టు బదులు రీప్లే వచ్చింది.

ఆ గదిలోంచి డ్రైవర్ బయటికి వస్తాడు. శిక్ష పడింది, అయితే అది మొదలయ్యేది ఇంకొన్ని రోజుల తర్వాత. ఈలోగా ఒప్పుకున్న బండ్లు తోలుకోవచ్చు. తర్వాతి రేసుకి ఇంకా పావుగంట ఉంది. జాకీలైతే రేసు రేసుకీ యజమాని రంగుల చొక్కా మార్చుకుంటారు. సల్కీ డ్రైవర్‌కి చాలాచోట్ల తన రంగులు తనవే, కెరీర్ అంతా అవే. కాబట్టి గ్యాలరీలో ఉన్నవాళ్లు దూరం నుంచే గుర్తుపడతారు, వాడే అని. కొందరు అరుస్తారు. అతను ముఖం తుడుచుకుని, కళ్లద్దాలు దించుకుని, కొత్త గుర్రం వెనక పీట మీద కూర్చుంటాడు. అవతల పీట మీద, ఇందాక గదిలో పక్క కుర్చీలో కూర్చున్నవాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. గేటు కారు రెక్కలు చాపుకుని కదులుతుంది.